వరహాలు హస్తవాసి

గోపాలపట్నం,
18 నవంబరు 1985.

జగ్గారావుకి మీ బావ దీవెనలు.

ఇక్కడ నేనూ, మీ అక్క సన్యాసమ్మా బాగానే ఉన్నాం. బాగా లేనిది నువ్వు నాకు అప్పగించి వెళ్ళిన మోటారు సైకిలు ఒక్కటే. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు స్టీలు ప్లాంటు ట్రైనింగుకని భిలాయి రైలెక్కి మూడు నెలలు దాటింది. మొదట్లో బండి నా మాట విన్నది. దసరా వెళ్ళిన దగ్గర్నుంచి మాత్రం తెల్లవారుజామున నిద్ర లేవనంటోంది. నాలుగున్నరకి కిక్కు కొట్టడం మొదలుపెడితే ఐదున్నరకి నా బనీను పిండుకోవచ్చు. అది మాత్రం దగ్గనైనా దగ్గదు. అదే బండి మధ్యాహ్నం రెండింటికి హార్బరు గేటు బయట, ఎండలో నిలబెట్టిన చోట, ఒక్క కిక్కుకి లేస్తుంది. నా మీద పగ ఉంటే అక్కడా ఉండాలి కదా! ఎక్కే ముందు నువ్వు పెట్రోలు మూత మీద అరచేత్తో తట్టేవాడివి. చివరికి అది కూడా తట్టి చూశాను. వీధిలో వాళ్ళు నవ్వారు.

నవ్వులాటకి రాయడం లేదు జగ్గా. క్రేను మీద తొమ్మిదేళ్ళుగా టెంపరరీగా ఉన్నాను. ఫిబ్రవరి నెలాఖరుకి పర్మినెంటు చేసేవాళ్ళ లిస్టు వేస్తారు. అందులో నా పేరు రాశారు. కాని ఈలోగా ఆరుగంటల షిఫ్టుకి మూడుసార్లు ఆలస్యమైతే పేరు కొట్టేస్తారట. మొన్న హాజరు పుస్తకంలో నా పేరు పక్కన మొదటి గీత పడింది. ఐదింటి బస్సు వచ్చిన రోజు వస్తుంది, లేని రోజు లేదు. మీ అక్కకి ఈ గీతల సంగతి చెప్పలేదు. నువ్వూ రాయకు.

ఇంకో చిత్రం విను. పాలు పోసే వరహాలు అటుగా వచ్చిన రోజు "తప్పుకో బావా, నాను సూత్తాను" అని కాలు వేస్తాడు. రెండో కిక్కుకి బండి లేస్తుంది! గేదె తప్ప ఇంకేదీ తోలి ఎరగని మనిషికి! వీధంతా వరహాలు హస్తవాసి అంటున్నారు. అతను రాని రోజు నా బతుకు అంతే. ఆరేళ్ళు కంచరపాలెం షెడ్డులో పని చేసిన మెకానిక్కువి నువ్వు. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

శ్రీరామ్మూర్తి


భిలాయి,
26 నవంబరు 1985.

బావకి నమస్కారం.

నీ ఉత్తరం చదువుతుంటే మన వాకిట్లో నిలబడ్డట్టే ఉంది. ఇక్కడ చలికి పొద్దున్నే నేనే లేవడం లేదు, బండినేం అనను! బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర డ్యూటీ వేస్తే మాత్రం వంట్లో నీరంతా ఆవిరైపోతోంది. హిందీ సగం అర్థమవుతోంది. తిట్లు పూర్తిగా అర్థమవుతున్నాయి.

ఇక బండి. హస్తవాసి డాక్టర్లకి ఉంటుంది, ఇంజన్లకి ఉండదు. నేను చెప్పినట్టు చెయ్యి. ప్లగ్గు విప్పి మొన మీద మసి గీకి, కిరసనాయిల్తో తుడువు. తడి ఉందో పొడిగా ఉందో చూడు. ప్లగ్గుకి నిప్పు అందించే పాయింట్ల మధ్య పోస్టుకార్డు ముక్క దూర్చి లాగు, మురికి వచ్చేస్తుంది. చోకు వేసి, స్విచ్చి ఆపి, నెమ్మదిగా మూడుసార్లు తొక్కు. అప్పుడు స్విచ్చి వేసి ఒక్కటే గట్టిగా కొట్టు. నీకు క్రేను లివరు అలవాటు కనుక బండినీ బలంతో లొంగదీయాలని చూస్తావు. అది వద్దు.

ఇంకోటి. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు రైసు మిల్లు మలుపు దగ్గరే పెట్రోలు ట్యాపు కట్టేయమని చెప్పాను. కట్టేస్తున్నావా? కార్బొరేటర్లో ఉన్న పెట్రోలుతోనే ఇల్లు చేరాలి. అది మానకు.

అక్క నా ఉత్తరాలకి జవాబివ్వదేం? రాయడం రాదనే వంక ఎన్నాళ్ళు? చెబితే నువ్వు రాయవా?

జగ్గారావు


గోపాలపట్నం,
10 డిసెంబరు 1985.

జగ్గారావుకి,

నువ్వు రాసినవన్నీ చేశాను. ప్లగ్గు విప్పాను, అద్దంలా తుడిచాను. అది ఎప్పుడు చూసినా పొడిగానే ఉంది, చుక్క తడి లేదు. పాయింట్లలో పోస్టుకార్డు తిప్పాను. రైసు మిల్లు దగ్గర ట్యాపు కడుతూనే ఉన్నాను, పొద్దున్న తెరుస్తూనే ఉన్నాను. చోకు, మూడు తొక్కుళ్ళు, ఒక్క గట్టిది. ఆ ఒక్కటి నలభై అయింది. కుడికాలి పిక్క వాచింది.

వరహాలు చెల్లెలి కూతురి పెళ్ళికని భీమిలి వెళ్ళాడు. నాలుగు రోజులు లేడు. మూడో రోజు బండిని పెద్ద రోడ్డు దాకా తోశాను. లేవలేదు. ఎవరో లారీ ఆపితే ఎక్కి వెళ్ళేసరికి ఆరూ ఇరవై. రెండో గీత పడింది. ఫోర్మను నా ముఖం చూడకుండా పుస్తకం నాకు తిప్పి, సంతకం పెట్టమన్నాడు. నిజంగా భయం వేసింది. ఇంకొక్కటి.

మర్నాడు నాకు సెలవు, బజారులో మెకానిక్కుకి చూపించాను. అతని దగ్గరకి తోసుకెళ్ళేసరికి ఎండెక్కింది. అక్కడ ఒక్క కిక్కుకే లేచింది, నా పరువు తీసింది. అయినా అతను ఇంజను విప్పాలన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. నువ్వు ఏమనుకున్నా సరే రాస్తాను. "మెకానిక్కు తన బండిని బందువుకిచ్చి ఎల్లిపోనాడంటే దాన్లో ఏదో ఉన్నట్టే బావా" అన్నాడు. నేను కాదనలేకపోయాను. ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు జగ్గా. నా దగ్గర ఒక్క గీతే మిగిలింది.

శ్రీరామ్మూర్తి


భిలాయి,
18 డిసెంబరు 1985.

శ్రీరామ్మూర్తి గారికి,

మీ ఉత్తరం అందింది. ఆ ఇంజను పిస్టనూ, రింగులూ, వాల్వులూ అన్నీ నా చేతుల మీదుగా వేసినవి. పెట్రోలు మూత లోపలి వాషరు కూడా వచ్చే ముందు కొత్తది వేశాను, చుక్క కారకుండా. దారిన పోయేవాడు ఏదో అంటే మీరు నమ్మారు. నమ్మండి. ఇంజను మాత్రం విప్పించకండి. విప్పినవాడు మళ్ళీ బిగించలేడు. అంతగా అయితే బండికి గోనెపట్టా కప్పి మూల నిలబెట్టి, బస్సు చూసుకోండి.

అక్కని అడిగానని చెప్పండి.

జగ్గారావు


గోపాలపట్నం,
2 జనవరి 1986.

చిరంజీవి జగ్గారావు గారికి,

నువ్వు మీరంటే నేను గారు అనలేనా? నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. మొదటి వాక్యం దగ్గరే నన్ను ఆపేసింది. "మీరన్నాడా? అయితే ఆడికి బాగా కోపమొచ్చినాది. నువ్వేటి రాసినావు?" అని నిలదీసింది. చెప్పక తప్పలేదు. గీతల సంగతి కూడా చెప్పేశాను. ఆ పూట అన్నం పళ్ళెం నా ముందు ఠప్పున పెట్టి వెళ్ళిపోయింది. నిన్ను అనుమానించినందుకు ఒక కోపం, తన దగ్గర దాచినందుకు ఇంకో కోపం. రెండూ న్యాయమే. నేను అన్న మాట తప్పు. మూడో గీత తలుచుకుంటే నా బుర్ర నా దగ్గర ఉండడం లేదు.

ఇంజను విప్పించలేదు. బండికి దిష్టి తగిలిందని మీ అక్క తీర్మానించింది. నిమ్మకాయలు తొక్కించాం. దసరాకి మొదలుపెట్టి ప్రతి శుక్రవారం బండికి పసుపు రాసి బొట్టు పెడుతూనే ఉంది. ఇప్పుడు కుంకుమలో నాలుగు చుక్కలు నూనె కూడా కలుపుతోంది, గాలికి రాలకుండా. దేవుడికి కూడా అంత దట్టంగా పెట్టగా నేను చూడలేదు.

ఈ వారమంతా వరహాలు వేళకే వచ్చాడు కనుక నెట్టుకొచ్చాను. ఈ నెల ఇరవై ఏడు నుంచి అతను పది రోజులు ఉండడట. కూతురు పురిటికి రమ్మందట. ఆ పది రోజులూ నాకు ఆరుగంటల షిఫ్టే. అప్పుడు ఎలాగో నాకు తెలియడం లేదు. కోపం పోతే ఏదైనా రాయి. పోకపోయినా రాయి.

మీ బావ


భిలాయి,
9 జనవరి 1986.

బావకి,

పోయింది. నిజానికి ఆ కోపం నీ మీద కాదు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

రాత్రంతా నీ ఉత్తరాలు ముందేసుకుని కూర్చున్నాను. ప్లగ్గు పొడిగా ఉందన్నావు. ఆ మాట దగ్గర నేను ముందే ఆగాల్సింది, కోపంలో దాటేశాను. పొడి అంటే నిప్పు తక్కువై కాదు, పెట్రోలు దిగక. ఎండలో దిగుతుంది, చలిలో దిగదు. నువ్వు కొడితే దిగదు, వరహాలు కొడితే దిగుతుంది. ఈ ఆఖరిదే నాకు కొరుకుడు పడడం లేదు.

ఒక పని చెయ్యి. వరహాలు మన వాకిట్లో అడుగు పెట్టినప్పటి నుంచి బండి లేచేదాకా ఏం చేస్తాడో వరసగా రాయి. తుమ్మితే తుమ్మాడని రాయి. ఇది అనవసరం అని నువ్వు అనుకున్నదేదీ వదలకు. ఆలస్యం చెయ్యకు.

జగ్గారావు


గోపాలపట్నం,
16 జనవరి 1986.

జగ్గారావుకి,

నేరస్తుడి వెనకాల పోలీసులా నిలబడి చూశాను. రాసుకో.

ఐదు కాకముందే వచ్చాడు. పాలక్యాను అరుగు మీద పెట్టాడు. తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. ఆవలించాడు. "ఏటి బావా, లెగలేదేటి?" అన్నాడు. లేదన్నాను. "పెట్రోలుందేటి?" అన్నాడు. ఉందన్నాను. నమ్మలేదు. రోజూ ఇదే తంతు. పాలవాడు కదా, ఏ గిన్నె అయినా మూత తీసి తను చూడనిదే నిండుగా ఉందని ఒప్పుకోడు. మీ అక్క పెట్టిన బొట్టు చెదరకుండా మూతని అంచులు పట్టుకుని తిప్పి తీశాడు. ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. బండిని అటూ ఇటూ ఊపాడు. "ఉన్నాదిలే" అని మూత పెట్టేశాడు. చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. కిక్కు కొట్టాడు. ఒకటి, రెండు. లేచింది. "నీ కాలికి యోగం లేదు బావా" అని క్యాను తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంతే. తుమ్మలేదు. ఇందులో నీకేమైనా కనిపిస్తే గొప్పవాడివే. ఇరవై ఏడుకి ఇంకా పదకొండు రోజులున్నాయి.

శ్రీరామ్మూర్తి


టెలిగ్రాం
భిలాయి, 25 జనవరి 1986

ఓపెన్ పెట్రోల్ క్యాప్ దెన్ కిక్. జగ్గారావు


భిలాయి,
25 జనవరి 1986.

బావా,

నీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది, తొమ్మిది రోజులు పట్టింది. నా జవాబు ఇరవై ఏడుకి అందదని పోస్టాఫీసుకి పరుగెత్తి టెలిగ్రాం ఇచ్చాను. అక్క చూసి భయపడి ఉంటుంది. తప్పలేదు.

సంగతి ఇది. మా మెస్సులో వంటమనిషి నూనె డబ్బాకి రెండు బెజ్జాలు కొడతాడు. ఒకటే కొడితే నూనె గుక్కగుక్కగా వచ్చి ఆగిపోతుంది, రెండోదాంట్లోంచి గాలి పోవాలి. మన ట్యాంకూ అంతే. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి రావాలి. అందుకే మూత మధ్యలో చిన్న గుంట, ఆ గుంటలో గుండుసూది దూరేంత బెజ్జం ఉంటాయి. బొట్టు పెట్టడానికే చేసినట్టు ఉంటుంది ఆ గుంట. అక్క పసుపూ, కుంకుమా, నూనే అక్కడే పెట్టి ఉంటుంది. వారం వారం గట్టిపడి బెజ్జం పూడిపోయింది. పైగా నేను కొత్త వాషరు వేసి పక్కల నుంచి కూడా గాలి రాకుండా చేశాను. ఎండలో, ఇంజను వేడిలో ట్యాంకులో గాలి ఉబ్బి పెట్రోలుని కిందికి నెడుతుంది కనుక నడుస్తుంది. రాత్రి చల్లబడ్డాక లోపలికి పీల్చుకుని పట్టుకుంటుంది. వరహాలు మూత తియ్యగానే వదిలేస్తుంది. అతని హస్తవాసి అదే.

ఇక దాచిన మాట. బెజ్జం పూడినా, కార్బొరేటర్ గిన్నెలో రాత్రి పెట్రోలు ఉండి ఉంటే పొద్దున్న బండి లేచేదే. ఆ గిన్నెని రోజూ ఎండబెట్టించింది నేను. లోపల పెట్రోలుని ఆపే సూది అరిగిపోయింది. ట్యాపు తెరిచి ఉంచితే రాత్రంతా కారుతుంది. అది నాకు తెలుసు. ప్రయాణం హడావిడిలో సూది మార్చకుండా, రైసు మిల్లు దగ్గర ట్యాపు కట్టేయమని నీకు చిట్కా చెప్పి రైలెక్కాను. నా షెడ్డులో ఎవడైనా ఇలా చేస్తే ఆ పూటే పంపించేసేవాణ్ణి. ఆ మెకానిక్కు అన్నది నిజమే బావా. దాన్లో ఏదో ఉంది. అందుకే నాకంత కోపం వచ్చింది. నీ రెండు గీతలూ నేను గీసినవే. సిగ్గుగా ఉంది.

బెజ్జాన్ని గుండుసూదితో పొడువు. బొట్టు వల్ల ఇలా అయిందని మాత్రం అక్కతో అనకు. తన చేత్తో నీ ఉద్యోగానికి ఎసరు పెట్టానని జీవితాంతం కుమిలిపోతుంది. తప్పంతా నామీద వెయ్యి.

జగ్గారావు


గోపాలపట్నం,
2 మార్చి 1986.

జగ్గారావుకి,

ఇంత ఆలస్యం కావాలనే చేశాను. లిస్టు వచ్చాక రాద్దామని. నిన్న బోర్డు మీద అంటించారు. ఎనిమిదో పేరు నాది. మూడుసార్లు చదువుకుని, క్రేను ఎక్కి కూర్చుని కాసేపు ఏడ్చాను. పైన ఎవరూ చూడరు.

నీ టెలిగ్రాం సంగతి విను. ఇరవై ఆరు సెలవు, ఇరవై ఏడు సాయంత్రం వచ్చింది. ఆ పొద్దున్న వరహాలు లేకపోయినా బస్సు దొరికి గండం గడిచింది. పోస్టుమాను సైకిలు దిగి టెలిగ్రాం అనగానే, నీకేదో అయిందని మీ అక్క ఏడుపు మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఉంది, మాకెవరికీ చదవడం రాదు. పక్కవీధి సూర్యకాంతమ్మ టీచరు దగ్గరకి పరుగున పట్టుకెళ్ళాను. వెనకే మీ అక్క, వెనకే వీధి. టీచరు అటూ ఇటూ తిప్పి చూసి, "పెట్రోలు మూత తెరిచి, అప్పుడు కిక్కు కొట్టమంటున్నాడు" అంది. మీ అక్క "దీనికా ఈడు నా పేణం తీసినాడు!" అని ఒక పక్క ఏడుస్తూ ఒక పక్క నవ్వింది.

మర్నాడు పొద్దున్న మూత తిప్పాను. బండి 'స్స్' అని గాలి పీల్చుకుంది. ఎన్నాళ్ళనుంచో ఊపిరి బిగబట్టిన మనిషిలా. కిక్కు కొట్టాను. లేచింది. ఆ పది రోజుల్లో ఒక్క గీత కూడా పడలేదు.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. సూది సంగతి రెండుసార్లు చదివాను. కోపం రాలేదని అబద్ధం రాయను. వచ్చింది, ఒక పూట ఉంది, పోయింది. నువ్వు దాచావు, నేను దాచాను, ఇద్దరం మాటలు పడ్డాం. నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అయినా చెప్పావు. అది చాలు.

ఇక మీ అక్క. బెజ్జం పేరెత్తకుండా, మెత్తగా అడిగాను: "ఆ బొట్టేదో ముందు లైటుకి పెట్టరాదా? పదిమందికీ కనిపిస్తుంది." నా వైపు వింతగా చూసింది.

"లైటుకెందుకెడతాను? నాను బండికెడతన్నానని ఎవులన్నారు?"

"మరెవరికి?"

"ఆడు పరీచ్చకెల్లినా, పనికెల్లినా నాను బొట్టెట్టి పంపేదాన్ని. అమ్మ పోయిన కాడినించీ అంతే. అక్కడాడికి ఎవులెడతారు? రోజూ ఆడు చెయ్యేసి తట్టేది ఆ మూత మీదే కదేటి. అందుకే అక్కడెడతన్నాను."

ఇన్నాళ్ళూ నా కోసం, నా ఉద్యోగం కోసం పెడుతోందనుకున్నాను. నీ ఉత్తరాలకి జవాబు రాయించదేమని అడుగుతున్నావు కదా. జవాబు శుక్రవారం శుక్రవారం పెడుతూనే ఉంది, నాలుగు నెలలుగా. మనమే దాన్ని రిపేరనుకున్నాం.

ఇక ఏం చెప్పను? చెప్పలేదు. శుక్రవారం ఆవిడ పెట్టి లోపలికి వెళ్తుంది. నేను జేబులోంచి గుండుసూది తీసి మధ్యలో ఒక్క పోటు పొడుస్తాను. బొట్టు బొట్టులాగే ఉంటుంది. పెళ్ళయ్యాక నేను చేస్తున్న మొదటి దొంగతనం ఇదే.

మీ బావ


భిలాయి,
11 మార్చి 1986.

బావకి,

పర్మినెంటు క్రేను ఆపరేటరు గారికి నమస్కారం. ఆ మాట రాయడానికి ఎంత బాగుందో!

నీ ఉత్తరంలో ఆఖరి పేజీ నేను ఒక్కడినే కూర్చుని చదువుకున్నాను. ఇక్కడికి వచ్చాక మొదటిసారి ఏడుపొచ్చింది. అక్క నన్ను మరిచిపోయిందని అలిగాను బావా, ఆ అలక కూడా నీ మీదే తీర్చుకున్నాను.

ఏప్రిల్లో వారం రోజులు సెలవిచ్చారు. నాలుగో తారీకు శుక్రవారం పొద్దున్నే విశాఖపట్నంలో దిగుతాను. కార్బొరేటర్‌కి కొత్త సూది కొన్నాను, నా చేత్తో నేనే వేస్తాను. ఇక ట్యాపు కట్టే పని ఉండదు.

స్టేషనుకి మాత్రం నువ్వు రావద్దు. నేనే బస్సెక్కి ఇంటికొస్తాను. ఆ శుక్రవారం అక్క బొట్టు పెట్టాక నువ్వు గుండుసూది తియ్యకు. బండిని వాకిట్లో అలాగే ఉంచు. నేను వచ్చి, ఎప్పటిలాగే మూత మీద అరచేత్తో తడతాను. చేతికి అంటిన కుంకుమ నుదుటికి పెట్టుకుని లోపలికి వెళ్తాను. అక్క పెట్టింది నాకు అందిందని ఆవిడకి తెలియాలి.

ఆ రోజు బండి లేవకపోయినా ఫరవాలేదు.

జగ్గారావు